చూపులు రెండు, సంతకం ఒకటి

హైదరాబాద్‌లోని ఓ ల్యాబులో ఆ పాథాలజిస్టు పనిచేయబట్టి 22 ఏళ్లు. ఇన్నేళ్లలో ఆమె చూసిన రోగుల ముఖాలు తక్కువ. చూసిందల్లా గాజు స్లైడ్ల మీద, మూడు నాలుగు మైక్రాన్ల మందాన పరిచిన వాళ్ల కణజాలాన్నే. కేంద్రకాలు నీలంగా, మిగతాదంతా గులాబీ రంగులో.

ఆ సాయంత్రం ఆమె ముందున్నది 41 ఏళ్ల మనిషి పెద్దపేగు. కంతి ఎంత లోతుకు దిగిందో తేలిపోయింది. ఇక మిగిలింది లింఫ్ గ్రంథులు. కనీసం 12 అయినా వెతికి చూడాలన్నది నియమం. కొవ్వులోంచి 14 దొరికాయి. ఒక్కదానిలో క్యాన్సర్ కనిపించినా రెండో దశ కాస్తా మూడో దశ అవుతుంది. కీమోథెరపీ నిర్ణయం చాలావరకు దాని మీదే ఆధారపడుతుంది. ఆమె పద్నాలుగూ చూసింది. ఏమీ లేదనుకుంది. అలసటగా ఉండి, సంతకం మాత్రం పొద్దున పెడదామని ఇంటికెళ్లింది.

పొద్దున వచ్చేసరికి స్కానర్‌కు జోడించిన కృత్రిమ మేధ తొమ్మిదో గ్రంథి అంచున ఎర్ర గడి గీసి పెట్టింది. ఆమె మళ్లీ మైక్రోస్కోపు దగ్గర కూర్చుంది. నిజమే. చిన్న కణాల గుంపు. కొలిస్తే 0.2 మిల్లీమీటర్లు దాటింది. అంటే లెక్కలోకి వస్తుంది. కాసేపు ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు.

యంత్రం చేసే పనిలో మాయేమీ లేదు. స్లైడును స్కాన్ చేస్తే వందల కోట్ల పిక్సెళ్ల బొమ్మ వస్తుంది. దాన్ని చిన్న చిన్న గడులుగా కోసి, ఒక్కో గడినీ విసుగు లేకుండా చూస్తుంది. నేర్చుకున్నది ఆమెలాంటి వాళ్లు గుర్తులు పెట్టిన స్లైడ్ల నుంచే. రోగ నిర్ధారణకు ఇలాంటి స్కానర్ వ్యవస్థను అమెరికా ఎఫ్‌డీఏ తొలిసారి 2017లో అనుమతించింది. మామూలు నీలం, గులాబీ స్లైడు చూసే కణితిలోని ఎంఎస్ఐ అనే జన్యు లోపాన్ని అంచనా వేయొచ్చని 2019లో పరిశోధకులు చూపారు. పెద్దపేగు క్యాన్సర్లలో సుమారు 15 శాతంలో ఈ లోపం ఉంటుంది. వ్యాధి ముదిరినప్పుడు ఇమ్యునోథెరపీ బాగా పనిచేసేది వీళ్లకే. కొందరిలో అది వంశపారంపర్యం. అప్పుడు ఒకరి రిపోర్టు అన్నదమ్ములకూ, అక్కచెల్లెళ్లకూ, పిల్లలకూ హెచ్చరికే.

అలాగని ఆమె యంత్రానికి దాసోహం అనలేదు. స్లైడు మీద పెన్ను గీతనూ, మడతపడ్డ కణజాలాన్నీ అది క్యాన్సరనడం ఆమె చూసింది. నెల తిరక్కుండానే, 28 ఏళ్ల అమ్మాయి స్లైడులో విడివిడిగా చెదిరి ఉన్న సిగ్నెట్ రింగ్ కణాలను అది దాటేసింది. పట్టుకున్నది ఆమె కన్నే. పాశ్చాత్య దేశాల్లో ఈ రకం దాదాపు ఒక శాతం. ముంబై టాటా మెమోరియల్ వైద్యులు 2017లో ప్రచురించిన 800 మంది రోగుల అధ్యయనంలో మాత్రం 13 శాతం దాకా ఉంది, రోగుల సగటు వయసు 47. అక్కడి స్లైడ్లతో చదువుకున్న యంత్రానికి ఇక్కడి జబ్బు కొత్త. పైగా ఇంటింటి పులుసు రుచి వేరైనట్టే, ల్యాబు ల్యాబుకీ గులాబీ రంగు వేరు. యంత్రం జబ్బుకు బదులు ఆసుపత్రి రంగునే గుర్తుపట్టే ప్రమాదం ఉందని 2021లో అమెరికా పరిశోధకులు తేల్చారు.

‘‘ఇక మనల్ని ఇంటికి పంపేస్తారా మేడమ్?’’ అని టెక్నీషియన్ అడిగాడు. ఆమె నవ్వింది. జవాబు చెప్పలేదు. పద్ధతి మాత్రం మార్చుకుంది. ముందు తను చూసి, రాసుకుంటుంది. ఆ తర్వాతే యంత్రం గడులు తెరుస్తుంది. ముందే తెరిస్తే కన్ను ఎర్ర గడి దాటి పోదని ఆమెకు తెలుసు.

ఆ పొద్దున ఆమె రిపోర్టులో ‘14లో 0’ని కొట్టేసి ‘14లో 1’ అని రాసింది. ఎవరు ముందు చూశారన్న వివరానికి ఆ కాగితంలో చోటు లేదు. కింద సంతకానికి మాత్రం ఉంది. అది ఆమెదే.