పైసలిచ్చి పైసలు కొనేవాడు

"గీ నోటుతోని ఛాయ్ అన్న వస్తదారా?" అని అడిగింది మా పెద్దమ్మ. రాదు. శ్రీశైలం రోడ్డు పక్కన ఎకరం ఎంత పలుకుతుందన్నదే ముచ్చటగా ఉన్న మా కందుకూరులో, పైసలిచ్చి ఇక్కడ చెల్లని పైసలు కొనేవాడి పరపతి ఎంతో మీరే ఊహించుకోండి.

ఆఫ్రికా నోట్లు సేకరించే కొత్తవాళ్లందరూ ముందుగా జింబాబ్వే నూరు ట్రిలియన్ల నోటు వెంట పడతారు. 2009లో వచ్చింది. ఒకటి పక్కన పద్నాలుగు సున్నాలు, ఒకదాని మీద ఒకటి నిలిచిన బండరాళ్లు. ముచ్చటైన నోటే, కానీ దానికిప్పుడు నకిలీలూ పుట్టుకొచ్చాయి. నా మనసు మాత్రం మారిషస్ మీద ఉంది. అందుకు కారణం కోరంగి.

1834 తర్వాత చెరకు తోటల పనికి ఒప్పంద కూలీలుగా ఆ దీవికి పోయినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. కోరంగి రేవులో ఓడెక్కారు కనుక అక్కడ వాళ్లను కోరంగీలనేవారు. అప్పట్లో మన రూపాయే ఆ దీవిలో చెలామణి అయ్యేది. అక్కడి సొంత రూపాయి 1870లలో వచ్చింది. అలాంటి దేశపు నోటు చేతికొస్తే తెలుగువాడు ముందు వెతికేది తెలుగు అక్షరాన్నే. ఇంగ్లీషు ఉంది, తమిళం ఉంది, హిందీ ఉంది. తెలుగు లేదు. 25 నుంచి 2000 వరకు ఏడు నోట్ల మీద ఏడుగురు పెద్దల బొమ్మలున్నాయి. నూరు మీద తమిళుడైన రెంగనాదెన్ సీనివాసెన్, రెండు వేల మీద శివసాగర్ రామ్‌గులామ్. ఆ ఏడుగురిలోనూ మనవాడు లేడు.

అక్షరం ఎక్కడుందన్నది చిన్న సంగతని తమిళులు అనుకోలేదు. 1998 నవంబరులో వచ్చిన కొత్త నోట్లలో హిందీ పైకెక్కి, తమిళం కిందికి దిగింది. అంతకుముందు తమిళమే పైన ఉండేది. ఫ్రెంచివాళ్ల కాలంలోనే పుదుచ్చేరి నుంచి పనివాళ్లుగా వచ్చినవాళ్లం, మేమే ముందు అని వాళ్లు గట్టిగా నిలబడ్డారు. బ్యాంక్ ఆఫ్ మారిషస్ ఆ నోట్లను వెనక్కి తీసుకుని, 1999లో తమిళాన్ని మళ్లీ పైన పెట్టి కొత్తవి వేసింది. వెనక్కిపోయిన ఆ వరుసే ఇప్పుడు సేకరించేవాళ్లకు మోజు. పక్కపక్కన పెట్టి చూస్తే తేడా రెండు పంక్తులే.

మన నోటు మీద, భాషల పట్టీలో కింది నుంచి రెండోది తెలుగు. అంతకు ముందూ ఉంది. నిజాం రాజ్యం 1918 నుంచి వేసిన సొంత నోట్ల మీద ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడం కూడా ఉండేవి. మా తాతల చేతుల్లో ఆడిన ఉస్మానియా సిక్కా నోటు తెలుగు మాట్లాడింది. వేలమంది తెలుగువాళ్లు స్థిరపడిన దీవి నోటుకు మాత్రం ఆ భాష రాలేదు. న్యాయంగా చెప్పాలంటే, అక్కడ ఉగాదికి ప్రభుత్వ సెలవు ఉంది.

కొత్త నోటు వచ్చిందంటే బొమ్మ మారిందనే కాదు. బొమ్మ అదే ఉండి కింద సంవత్సరం మారినా, గవర్నరు సంతకం మారినా మా లెక్కలో అది కొత్తదే. ఇంట్లోవాళ్లకు ఇది ఎన్నడూ అర్థం కాదు. మారిషస్‌లో 2013లో 25, 50, 500 నోట్లు కాగితం వదిలి ప్లాస్టిక్కు మారాయి, 2018లో రెండు వేలదీ మారింది. కాగితం నోటును వెలుతురుకు పెడితే నీటిగుర్తులో డోడో పక్షి కనబడుతుంది. నాకు కాగితమే ఇష్టం.

మీవాళ్లెవరైనా మారిషస్ నుంచి శంషాబాద్‌లో దిగుతుంటే ఒక్క మాట చెప్పండి. మిగిలిన నోట్లను మడిచి పర్సులో కుక్కొద్దు, పిన్ను గుచ్చొద్దు, లామినేషన్ అసలే వద్దు. పుస్తకం మధ్య పెట్టి తెమ్మనండి. 1998 నాటిది దొరికితే మార్పించకుండా దాచమనండి.