మొలక రాని బీజాలు

అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం చూసి కొబ్బరి మీద రాసుకురమ్మన్నారు సంపాదకులు. నేను ఒక మైక్రోస్కోపు దగ్గరే ఆగిపోయాను.

వరండాలో ఒక పెద్దాయన గొంతు నన్ను ఆపింది. "బూజు మందు రెండుసార్లు కొట్టానండి. దోమ దోమలాగే ఉంది. తేనెబంక కారి ఆకులన్నీ మసిబారిపోయాయండి." ముందురోజు ఆయన ఇచ్చి వెళ్లిన పొట్లం ల్యాబ్ బల్ల మీదుంది. బయట కొన్నదట. అందులోది ఐసేరియా ఫ్యూమోసోరోసియా అనే శిలీంధ్రం. 2016లో పొల్లాచ్చి వైపు బయటపడి మన తోటల దాకా వచ్చిన సర్పిలాకార తెల్లదోమకు ఇది ఒంటినిండా పట్టి చంపుతుంది.

ల్యాబ్ అమ్మాయి ఆ పొడిని నీళ్లలో కలిపి, నూరు రెట్లు పలచన చేసి, ఒక్క చుక్క హీమోసైటోమీటర్ గాజు అంచున ఆనించింది. కాస్త పొంగింది. కడిగి, తుడిచి, మళ్లీ మొదలు. రక్తకణాలు లెక్కించడానికి పుట్టిన పనిముట్టు అది. లోతు మిల్లీమీటరులో పదో వంతు. నడిమి చదరంలో ఎన్ని బీజాలున్నాయో చూసి 10,000తో, పలచన చేసినందుకు మళ్లీ నూరుతో హెచ్చిస్తే మిల్లీలీటరు లెక్క తేలుతుంది. పై గీతనూ ఎడమ గీతనూ తాకినవి లెక్కలోకి వస్తాయి, మిగతా రెండు గీతల మీదివి రావు. ఆమె కుడిచెయ్యి ఫోకస్ మరను వెంట్రుకవాసి తిప్పుతోంది, ఎడమచెయ్యి లెక్క మీట నొక్కుతోంది. మూడు నాలుగు మైక్రాన్ల బీజాలవి. ఆ చేతులకు దణ్ణం పెట్టాలనిపించింది.

సంఖ్య సరిపోయింది. కానీ చచ్చిన బీజమూ గడిలో బతికినదానిలాగే కనబడుతుంది. అందుకే ముందురోజే కొన్నిటిని అగార్ మీద ఉంచింది. వాటి మీద లాక్టోఫినాల్ కాటన్ బ్లూ వేసి, "చూడండి బాబాయ్ గారూ" అని పెద్దాయన్ని కూర్చోబెట్టింది.

"మొలకేదండీ? నారుమడిలో ఇలా అయితే మళ్లీ విత్తనం తెచ్చుకుంటామండి."

"పొట్లం ఎక్కడ పెట్టారు?"

"రేకుల షెడ్డులోనండి."

ఏ కణానికి ఏ కన్ను కావాలో తెలిసుండాలి. ఆకు వెనక దోమ పిల్లలకు స్టీరియో మైక్రోస్కోపు చాలు. రంగు వెయ్యకుండా బతికున్న కణాన్ని చూడాలంటే ఫేజ్ కాంట్రాస్ట్. దానికి జెర్నికెకు 1953లో నోబెల్ వచ్చింది. కేరళ కొబ్బరి వేరు తెగులుకు కారణమైన ఫైటోప్లాస్మాకు కణకవచమే లేదు, దాని రూపం తెలియాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపే కావాలి. అందులో పెట్టేది మాత్రం ప్రాణం పోయిన పలచటి పొర.

మన డిగ్రీ పిల్లలు వీటన్నిటి బొమ్మలూ రికార్డులో చక్కగా వేస్తారు, సీనియర్ రికార్డు చూసి. నేనూ ఉల్లిపొర కణాన్ని అలాగే గీశాను. చూడకుండానే మార్కులు తెచ్చుకున్నాను. ఆ రోజు పోగొట్టుకున్నదేమిటో ఆ అమ్మాయి పక్కన నిలబడితే తెలిసొచ్చింది, బాధేసింది. పెద్ద పరికరాలు కొనడానికి డబ్బు అడుగుతాం. ఓపికగా చూసే కన్నును తయారుచేయడానికి గంట సమయం ఇవ్వం.

పెద్దాయన కొత్త పొట్లం తీసుకున్నాడు. తడిగుడ్డ అడిగి చుట్టుకున్నాడు. "ఇవాళ పొద్దు వాలాకే కొడతానండి" అని ఎండలోకి దిగాడు, పొట్లం కండువా కింద పెట్టుకుని.