కొత్త బటన్, పాత టైరు

మాది కడప జిల్లా, జమ్మలమడుగు దగ్గర పల్లె. ఉద్యోగం బెంగుళూరులో, చేసేది కోడు రాయడం. బండ్ల గురించి నాకు తెలిసింది తక్కువే. అయినా ఈ టపా టైర్ల గురించి, అదీ ట్రాక్టరు వెనక తగిలించే ట్రాలీ టైర్ల గురించి. ఎందుకో చెప్తాను.

2023 ఏప్రిల్లో ఊర్లో ఉన్నాను. మా చిన్నాయన ట్రాక్టరు ఎర్రగుంట్ల వైపు నించి నాపబండలు వేసుకుని వస్తోంది. మిట్టమధ్యాహ్నం. ఊరు ఇంకో మూడు కిలోమీటర్లు ఉందనగా ట్రాలీ వెనక ఎడమ టైరు పేలింది. ట్రాలీ ఒక పక్కకు ఒరిగి పైవరస బండలు జారాయి. బండల మీద కూర్చున్న ఇద్దరు కూలీల్లో ఒకాయన దూకేశాడు. రెండో ఆయన పాదం మీద బండ పడింది. ప్రాణానికేం కాలేదు గానీ మూడు నెలలు పనికి పోలేకపోయాడు. ఆస్పత్రి ఖర్చు చిన్నాయనే పెట్టుకున్నాడు. పోయిన కూలి మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

"ఎండకు పేలింది రా, ఏం జేస్తాం" అన్నాడు చిన్నాయన. ఊర్లో అందరిదీ అదే మాట. నేరం సూర్యుడి మీదికి పోయింది.

మా ఆఫీసులో సర్వరు పడిపోతే ఇలా చెప్పి తప్పించుకోవడం కుదరదు, లాగ్ చూడాల్సిందే. టైరుకి కూడా లాగ్ ఉంటుంది, పక్కగోడ మీద. మట్టి తుడిచి చూస్తే చివర్లో నాలుగంకెలు కనిపించాయి: 1411. అంటే 2011లో 14వ వారంలో తయారైన టైరు. నేను పదో తరగతి పరీక్షలు రాసిన ఏడాది! పన్నెండేళ్ళ టైరన్నమాట. బటన్లు చూస్తేనేమో నిన్న కొన్నట్టున్నాయి. ఏ మినీ లారీయో వాడి వదిలేసిన టైరుకి పైన రబ్బరు వేయించి అమ్మారు.

రీబటన్ చేయించడమే తప్పని నేననను. ఆర్టీసీకి సొంత రీట్రేడింగ్ షాపులే ఉన్నాయి. లోపలి టైరు గట్టిగా ఉంటే అది బాగానే పనిచేస్తుంది. కానీ మనం బటన్ చూసి కొంటాం, వయసు చూడం. పాత ప్రోగ్రాముకి కొత్త స్క్రీన్లు తగిలించి కొత్త వెర్షన్ అని రిలీజ్ చేసినట్టు :)

ఇక బరువు. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, ఒకటిన్నర అంగుళం మందం ఉన్న నాపబండ లెక్క కడితే సుమారు 75 కిలోలు. ఆరోజు వేసినవి 80. అంటే ఆరు టన్నులు, ట్రాలీ సొంత బరువు కాక. నాలుగు టైర్లకి పంచినా ఒక్కోదాని మీద టన్నున్నర దాటుతుంది. టైరు మీద లోడ్ ఇండెక్స్ 121 అని ఉంది. పట్టికలో దానర్థం 1450 కిలోలు. నిదానంగా పోతే కొంత వెసులుబాటు ఉంటుందనుకోండి. కానీ ఆ 1450 కూడా గాలి పూర్తిగా ఉన్నప్పటి మాట.

అసలు తిరకాసు గాలి దగ్గరే ఉంది. మా వైపు "ఎండాకాలం గాలి తక్కువ పెట్టాల" అని ఒక నమ్మకం. నిజం దానికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. గాలి తగ్గితే పక్కగోడ ప్రతి చుట్టుకీ ఎక్కువగా వంగి లేస్తుంది. ఆ వంగడంతోనే లోపల వేడి పుడుతుంది, ఆ వేడికి పొరలు విడిపోతాయి. ఎండ సాయం చేస్తుందంతే. గాలి తెల్లారుజామున, బండి కదలకముందు చూడాలి. వేడెక్కిన టైరులో గాలి పెరిగిందని తీసెయ్యకూడదు.

అమెరికాలో మా క్లాస్‌మేటు ఒకడు ట్రావెల్ ట్రైలర్ కొన్నాడు, కారు వెనక తగిలించుకుని పోయే చిన్న ఇల్లులాంటిది. దాని టైర్ల మీద ఎస్.టి. అని వేరే గుర్తు ఉంటుందట, ట్రైలర్లకే చేసినవని. "ఇవి అరిగి పోవురా, వయసైపోయి పోతాయి" అన్నాడు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండలో నిలబడే ఉంటాయి కదా. మా చింతచెట్టు పక్కన నిలబడే ట్రాలీది కూడా అదే కథ. పైగా ముందు సీట్లో ఉన్నవాడికి వెనక టైరు సంగతి తెలీదు. తెలిసేసరికి పేలి ఉంటుంది.

అయినా మనం ట్రాక్టరుకి కొత్త టైర్లు వేస్తాం, ట్రాలీకి దొరికినవి వేస్తాం. "వెనక తగిలించేదే కదా" అంటాం. బరువూ వెనకే, కూలీలూ వెనకే.

ఇదంతా చిన్నాయనకు చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"సరే రా, టైర్లు మారుస్తా. మనుషుల్ని బండల మీద ఎక్కించొద్దంటివే, వాళ్ళొచ్చేదానికి ఇంకో బండి కావాల. బాడుగ నువ్వు కడతావా?"

సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించడం చట్టానికి విరుద్ధమని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. నాలుగు టైర్లలో రెండిటికి నేను డబ్బులిచ్చాను. కూలీలు మాత్రం ఇప్పటికీ బండల మీదే వస్తున్నారు. ఆయన ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, మీలో ఎవరికైనా తోస్తే చెప్పండి.

ఈలోగా, ఈసారి ఊరెళ్తే మీ ట్రాలీ టైరు మట్టి తుడిచి ఆ నాలుగంకెలు చదవండి.