బడి రిజిస్టర్‌లో రాసిన మతం



పోయిన నెల సండే స్కూల్‌లో నిజం పలకడం గురించి చెప్పాను. పరీక్షలో చూసి రాయొద్దని, సార్‌కు అబద్ధం చెప్పొద్దని. పాఠం అయిపోయాక పదో తరగతి చదివే ఒక ఆడబిడ్డ వెళ్ళకుండా నిలబడింది.

"అయ్యగారూ, పరీక్షల కోసం బడిల అందరి వివరాలు సరిచూస్తున్నరు. నా పేరు పక్కన మతం హిందూ అని ఉంది. కరెక్టేనా అని సార్ అడిగితే తల ఊపిన. అది అబద్ధం కాదా?"

నాకు జవాబు రాలేదు. నా టీసీలో కూడా అదే ఉంది. నేను సాంఘిక సంక్షేమ హాస్టల్‌లో ఉండి చదువుకున్నవాణ్ణి. ఆ హాస్టల్ అన్నమే లేకపోతే ఈరోజు మీ ముందు బైబిలు తెరిచేవాణ్ణి కాదు.

సంగతి మీకు తెలిసిందే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. మనల్ని చేర్చలేదు. ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్ళు మన రాష్ట్రంలో బీసీ-సీ కిందికి వస్తారు. ఎస్సీలకు 15 శాతం ఉంటే దానికి 1 శాతం. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన మాలవాడనీ మాదిగవాడనీ ఊరు మనల్ని పిలవడం మానలేదు. అందుకే మన ఇళ్ళల్లో చాలామంది రిజిస్టర్ జోలికి పోరు.

ఆ రాత్రి దానియేలు మొదటి అధ్యాయం మళ్ళీ చదివాను. ప్రసాదం తినొద్దు అని పిల్లలకు చెప్పడానికే మనం ఎప్పుడూ ఆ అధ్యాయం తీస్తాం. కానీ దానియేలు కూడా రాజు ఖర్చుతో మూడేళ్ళు చదవాల్సినవాడు, మన హాస్టల్ పిల్లల్లాగే. కొలువులో అతని పేరు బెల్తెషాజరు. అది బబులోను దేవత పేరుతో పెట్టిన పేరు. ఆ పేరుతో పిలిస్తే పలికాడు, భోజనం దగ్గర మాత్రం ఆగాడు. అయితే దీన్ని మనం సాకు చేసుకోకూడదు. ఆ పేరు అతను అడిగి పెట్టించుకున్నది కాదు.

మరునాడు వాళ్ళింటికి పోయాను. తండ్రి పత్తి ఏరి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. నేను చెప్పింది విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "అయ్యగారూ, మీరు మార్పించుకున్నరా?"

లేదన్నాను. ఆ బిడ్డ ముందే అన్నాను. పెద్దవాళ్ళం ముప్పై ఏళ్ళుగా మోయలేకపోయిన బరువును పదిహేనేళ్ళ పిల్ల మెడకు ఎట్లా కడతాం? సాక్ష్యం సాక్ష్యం అని పిల్లలను బడికి పంపుతున్నాం. ఇంట్లో ఈ మాట వస్తే మాత్రం గొంతు తగ్గిస్తాం. మనం ఎందుకట్లా రాయించామో, ఏ భయంతో రాయించామో కనీసం వాళ్ళకు దాచకుండా చెప్పాలి. నేను ఆ ఆదివారమే ప్రసంగంలో నా సంగతి ఒప్పుకున్నాను. కొందరికి అది నచ్చలేదు.

తండ్రి పాత వివరాలే ఉంచాడు. నేను అడ్డం చెప్పలేదు, సరే అని కూడా అనలేదు. ఆ బిడ్డ మాత్రం మధ్యాహ్న భోజనం ముందు కళ్ళు మూసుకొని ప్రార్థన చేస్తోందట. ఎవరైనా అడిగితే యేసు ప్రభువు బిడ్డనని చెప్తోందట.

మొన్న మందిరం ఊడుస్తూ నన్ను అడిగింది: "అయ్యగారూ, ఇంటర్ల చేరేటప్పుడు నా చేతితోనే నింపాలె కదా?"