బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే

అన్నవరం
సోమవారం రాత్రి

నాన్నా,

ఫోన్‌లో నీకు సగమే వినబడుతుంది. మిగతా సగం ఊహించుకుని కంగారు పడతావు. అందుకని కాగితం మీద రాసి, ఫోటో తీసి చంటిగాడికి పంపుతున్నాను. వాడి చేత గట్టిగా చదివించుకో. ముందుగా చెప్పేది, అమ్మా నేనూ క్షేమం.

కారు మాత్రం బాగాలేదు. జగ్గంపేట దాటాక గేదె ఒకటి అడ్డం వస్తే 80లో ఉన్నదాన్ని బ్రేకు తొక్కాను. స్టీరింగ్ చేతుల్లో దడదడలాడింది. గేదె తప్పుకుంది, మేమూ తప్పుకున్నాం. కానీ నా గుండె కుదుటపడటానికి చాలాసేపు పట్టింది. బండి పక్కకు ఆపి టైర్లు చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. మళ్ళీ 80కి తీసుకెళ్ళి బ్రేకు ముట్టుకోకుండా నడిపాను. నున్నగా పోయింది. మెల్లగా తొక్కాను. మళ్ళీ దడ. వదిలేశాను. ఆగిపోయింది.

మూడు వారాల కిందట ముందు ప్యాడ్లు మార్పించి, డిస్కులు లేత్ పట్టించాం కదా, అప్పటినుంచే ఉండి ఉంటుంది. మన ఊళ్ళో 40 దాటం. అదీ గుంతల రోడ్డు. ఇంత సన్నటి వణుకు అందులో కలిసిపోయింది. హైవే ఎక్కాక బయటపడింది.

కారు కొండ ఎక్కించలేదు. కిందే పెట్టి ఆటో మాట్లాడాం. అతను 300 అన్నాడు, అమ్మ 100 అంది. కార్తీకమాసం రద్దీ అని అతను, కార్తీకమాసంలో అబద్ధమాడకూడదని అమ్మ. పావుగంట వాదించుకుని 150కి కుదిరి, కొండమీద దిగాక అతని పిల్లలకని తనే ఇంకో 20 ఇచ్చింది. నువ్వుంటే ఆ పావుగంటా తల పట్టుకుని కూర్చునేవాడివి.

వ్రతం అయింది. ఆకు పొట్లంలో ప్రసాదం ఇంకా వేడిగా ఉంది. గోధుమ రవ్వకి ఆ ఆకు వాసన కలిస్తే వచ్చే రుచి ఇంట్లో ఎన్నిసార్లు చేసినా రాదు. నీకని రెండు పొట్లాలు దాచాను. నువ్వు తినేసరికి గట్టిపడతాయని అమ్మ బెంగ.

వానపడేలా ఉంది. నాకు గొంతు నొప్పి మొదలైంది. మోకాలి వ్యాయామం మానొద్దు.

*

అనకాపల్లి
మంగళవారం, అర్ధరాత్రి కావస్తోంది

నాన్నా,

నువ్వు చంటిగాడి చేత పంపిన కబురు పొద్దున్నే చూశాను. "ఆ బండితో అరకు ఘాటీ ఎక్కొద్దు. ఎక్కడం కాదు, దిగడం కష్టం." ఎక్కనులే. నేను డ్రైవింగు నేర్చుకుంది నీ దగ్గర.

తునిలో రోడ్డు పక్క షెడ్డులో చూపించాను. చక్రం విప్పలేదు, బండి నడిపి చూడలేదు. నేను రెండు మాటలు చెప్పేలోపే "డిస్కులు వంకరపోయాయి, రెండూ మార్చాలి, ఎనిమిది వేలు" అన్నాడు. వంకర ఎక్కడుందో చూపించమన్నాను. చూపిస్తే తెలియదమ్మా అన్నాడు. డబ్బు పోతుందని కాదు నాన్నా నా బాధ. కొత్త డిస్కులు వేశాక కూడా వణికితే ఏం చేస్తాం? అప్పుడు ఇంకేదో మార్చమంటారు. తప్పెక్కడుందో తెలియకుండా సామాన్లు మార్చుకుంటూ పోవడం నాకు సహించదు.

అక్కణ్ణుంచి ఎడమ పక్కనే 50లో వచ్చాను. నక్కపల్లి దగ్గర వాన దంచికొట్టింది. వైపర్లు చాలలేదు. గొంతు మండుతోంది. ముందు లారీ బ్రేకు దీపం వెలిగిన ప్రతిసారీ కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టయింది. అమ్మ ఏమీ మాట్లాడకుండా నా భుజం మీద చెయ్యి వేసి కూర్చుంది. ఆ గంటన్నర ఇల్లు ఎంత గుర్తొచ్చిందో రాయలేను. మన వరండా, నీ పడక కుర్చీ, రేడియోలో నువ్వు పెట్టే ఆ పెద్ద సౌండు.

నీ పాత డిపో స్నేహితుడు చెప్పిన మేస్త్రి గారి షెడ్డు బెల్లం మార్కెట్టుకి దగ్గర్లోనే దొరికింది. అరవై ఏళ్ళుంటాయి. పానా ముట్టుకోకుండా ముందు బల్ల మీద కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టారు. ఎప్పుడు మొదలైంది? అంతకుముందు ఏం పని చేయించారు? వణికేది స్టీరింగా, సీటా? పెడలు కాలిని తిరిగి కొడుతోందా? బ్రేకు వదిలితే ఉంటోందా? పొద్దున్న చల్లటి బండికీ ఉందా? నేను చెబుతుంటే మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు. నువ్వు ఇంజను మీద చెవి ఒగ్గి వినేవాడివి చూడు, మనిషి మాట అలా విన్నారు.

తర్వాత నా పక్కన కూర్చుని బండి బయటికి తీయమన్నారు. 40లో కాలిబ్రేకు తొక్కితే స్టీరింగు సన్నగా వణికింది. ఖాళీ చోట అదే స్పీడులో, బొత్తం నొక్కిపట్టి హ్యాండ్ బ్రేకు మెల్లగా లాగమన్నారు. వణుకు లేదు. హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలనే పట్టుకుంటుంది కాబట్టి వెనక డ్రమ్ములు బాగున్నట్టే. బ్రేకు లేకుండా నున్నగా పోతోంది కాబట్టి చక్రాల బ్యాలెన్సూ కాదు. మిగిలింది ముందు చక్రాలు. ఒక్క పానా తిప్పకుండా అంతవరకూ వచ్చేశారు.

కారు జాకీ మీద పెట్టకముందే కుడి చక్రం నట్లు చేత్తోనే వదులు చేశారు. రెండు మామూలుగా వచ్చాయి. మూడోది పెద్ద కష్టం లేకుండానే ఊడింది. నాలుగోదానికి కుర్రాడు రాడ్డు మీదెక్కి నిలబడాల్సి వచ్చింది. "గాలి గన్నుతో కొట్టేసి పంపించారమ్మా" అన్నారు. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ బిగిస్తే డిస్కు హబ్బు మీద సమంగా కూర్చోదట.

జాకీ ఎక్కించి చక్రం తీశాక, డిస్కుని మాత్రం నట్లతో హబ్బుకి సమంగా బిగించి డయల్ గేజి పెట్టారు. చేత్తో డిస్కు తిప్పుతుంటే ముల్లు అటూ ఇటూ ఊగింది. 0.18 మిల్లీమీటర్లు. ఇలాంటి బండికి 0.1 లోపు ఉండాలట. కంటికి ఆనని తేడా చేతుల్లో అంత దడ పుట్టిస్తుందంటే నేను నమ్మేదాన్ని కాదు, ముల్లు కదలడం చూడకపోతే.

ఇక్కడ ఆయన చేసిన పని నీకు తప్పకుండా చెప్పాలి. ముల్లు బాగా పైకి లేచిన చోట డిస్కు మీదా, ఎదురుగా హబ్బు బోల్టు మీదా సుద్దతో గీత పెట్టారు. డిస్కు ఊడదీసి, ఒక్క బోల్టు పక్కకు జరిపి, మళ్ళీ బిగించి తిప్పారు. ఎత్తు డిస్కుతోపాటు జరిగితే తప్పు డిస్కుది. జరగకుండా ఆ బోల్టు దగ్గరే ఉండిపోతే తప్పు హబ్బుది. ఎత్తు బోల్టు దగ్గరే ఉంది. డిస్కు తీసి టార్చి వేస్తే హబ్బు ముఖం మీద పెచ్చులు కట్టిన తుప్పు. లేత్ పట్టించిన డిస్కుని ఆ తుప్పు మీదే కూర్చోబెట్టి పంపించారు నాన్నా. ఇలాగే ఇంకొన్ని వేల కిలోమీటర్లు తిరిగితే ప్యాడ్లు ఒకే చోట రాసి రాసి డిస్కు ఒక దగ్గర పలచబడుతుందట. అప్పుడు నిజంగానే డిస్కు మార్చాల్సి వచ్చేది.

వైర్ బ్రష్షుతో, ఎమెరీ కాగితంతో హబ్బు తెల్లగా వచ్చేదాకా రుద్దారు. కాలిపర్ పిన్నులు జారుతున్నాయో లేదో చూసి గ్రీజు పెట్టారు. మళ్ళీ గేజి పెడితే 0.04. ఎడమ వైపూ విప్పి శుభ్రం చేశారు. నట్లు ఎదురెదురుగా, రెండు విడతల్లో, టార్క్ రెంచి టక్కుమనేదాకా బిగించారు. మన బండి పుస్తకం తెరిచి ఎంత బిగించాలో నాకు చూపించాకే.

మధ్యలో అమ్మ పులిహోర గిన్నె తీసింది. పొద్దున సత్రంలో ఎవరి పొయ్యి అడిగిందో, ఎప్పుడు కలిపిందో నాకు తెలియదు. వేరుశనగలు కాస్త మెత్తబడ్డాయి కానీ ఇంగువ ఘాటు గిన్నె మూత తీయగానే షెడ్డంతా కమ్మింది. కాగితం ప్లేట్లలో మేస్త్రి గారికీ కుర్రాడికీ పెట్టింది. కుర్రాడు మూడుసార్లు పెట్టించుకున్నాడు. వాళ్ళ అమ్మ ఊళ్ళో లేదట, పనికోసం కొడుకుని ఇక్కడ వదిలి హైదరాబాదు వెళ్ళిందట. ఆ మాట విన్నాక అమ్మ తినలేదు. గిన్నె వాడికే ఇచ్చేసింది. మన స్టీలు గిన్నె, పిన్ని పెళ్ళిలో ఇచ్చినది. అడగొద్దు.

మేస్త్రి గారు 900 తీసుకున్నారు. ఎక్కువివ్వబోతే ఒప్పుకోలేదు.

*

అరకు
గురువారం రాత్రి

నాన్నా,

నిన్న విశాఖలో ఆగాం. సింహాచలంలో దర్శనం బాగా జరిగింది. గొంతు తగ్గింది.

అనకాపల్లి నుంచి బయలుదేరేటప్పుడు మేస్త్రి గారు చెప్పినట్టే చేశాను. వెనక ఎవరూ లేని చోట 60 నుంచి 20 దాకా మెత్తగా బ్రేకు వేయడం, పూర్తిగా ఆపకుండా వదలడం, కాస్త దూరం గాలికి చల్లారనివ్వడం. ఎనిమిదిసార్లు. ప్యాడు డిస్కుకి సమంగా అలవాటు పడాలట. మొదట్లో వేలి కొసలకి తెలిసీ తెలియనంత వణుకు మిగిలి ఉంది. విశాఖ చేరేసరికి అదీ లేదు.

ఈ ఉదయం శృంగవరపుకోట దాటి ఘాటీ ఎక్కాం. అనంతగిరి దగ్గర కాఫీ తోటల మీద మంచు. బొర్రా గుహలు చూశాం, అమ్మ మెట్లు సగమే దిగింది. ఒక మలుపులో ఎదురుగా ఆర్టీసీ బస్సు వచ్చింది. డ్రైవరు చెయ్యెత్తి దారి ఇచ్చాడు, అచ్చం నీలాగే అరచెయ్యి తెరిచి. అమ్మ చాలాసేపు కిటికీలోంచి వెనక్కి చూస్తూ ఉండిపోయింది. ఆవిడ నీ మీద ఎన్ని చెప్పినా, ఈ నాలుగు రోజుల్లో "మీ నాన్న ఉంటే" అనకుండా ఒక్క పూట గడవలేదు. ఈ ముక్క చంటిగాడు చదివేటప్పుడు వదిన వింటుంది, విననీ.

రేపు దిగాలి. ఎక్కిన గేరులోనే దిగుతాను, బ్రేకు మీద కాలు ఉంచేసి దిగను. 100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మరోసారి చూడమన్నారు. ఇక్కడ పెట్రోలు బంకు పక్క షాపులో టార్క్ రెంచి ఉందని కనుక్కున్నాను. చూపించాకే బయలుదేరతాం.

ప్యాడ్లు మార్చిన పాత షాపుకి కూడా వెళ్తాను. తగువుకి కాదు. హబ్బు మీంచి రాలిన ఆ తుప్పు పెచ్చు ఒకటి పొట్లం కట్టి తెస్తున్నాను. వాళ్ళ కళ్ళముందు పెట్టి చెప్పాలి. అక్కడ బళ్ళు బాగుచేయించుకునేవాళ్ళు పిల్లల్ని కూర్చోబెట్టుకుని తిరిగేవాళ్ళు.

బాగా చలిగా ఉంది. అమ్మ నీ మఫ్లరు చుట్టుకుని పడుకుంది. నీకోసం కాఫీ పొడి కొంది. టీ తప్ప తాగడని చెప్పాను, ఈసారి తాగుతాడంది.