మార్కులు కలపని పనులు



డిగ్రీలో బి.జెడ్.సి. చదువుతూ మళ్లీ నీట్ రాసేవాళ్లు మన హాస్టల్‌లో ఏటా కొందరుంటారు. ఎన్.ఎస్.ఎస్.లో చేరితే చదువు దెబ్బతింటుందా అని వాళ్లు మమ్మల్ని అడుగుతుంటారు. నాలుగేళ్ల కింద మా గదిలో ముగ్గురం ఇదే ఆలోచనలో పడ్డాం.

అమెరికాలో డిగ్రీ అయ్యాకే వైద్య కళాశాల. అక్కడి దరఖాస్తులో చేసిన సేవ, ఉద్యోగం, ఆటపాటలు అన్నీ కలిపి 15 దాకా రాసుకోవచ్చు. మనకు 180 ప్రశ్నలు, 720 మార్కులు, అంతే. ఊరు ఊడ్చినా, చెట్లు నాటినా ఒక్క మార్కు కలవదు.

మా ముగ్గురి ఇళ్లలోనూ డిగ్రీకి వచ్చింది మేమే మొదలు. “దాంతోని సీటొస్తదా బిడ్డా?” అని మా అమ్మ ఫోన్‌లో అడిగింది. పత్తి ఏరి ఫీజు కట్టిన మనిషి అడగాల్సిన మాటే.

అందుకని ముందే లెక్క వేసుకున్నాం. ఎన్.ఎస్.ఎస్.కు ఏడాదికి 120 గంటలు, పైన 7 రోజుల శిబిరం. తెల్లవారుజామున నాలుగు నుంచి ఏడు దాకా ఫిజిక్స్. ఆ మూడు గంటలు ఎవరు అడిగినా ఇవ్వం. సేవకు ఆదివారాలు. వక్తృత్వం, వ్యాసరచన పోటీలు వదిలేశాం. క్రికెట్ సంగతి అడగకండి!

రక్తదాన శిబిరంలో మాలో ఒకడు 43 కిలోలు తూగాడు. 45 ఉంటేనే తీసుకుంటారు. డాక్టరమ్మ వెనక్కి పంపింది. (మన మెస్ అన్నం ఎంత తిన్నా వాడికి ఒళ్లు పట్టదు.) వాడు బల్ల దగ్గర కూర్చుని పేర్లు రాస్తూ, సూది చూసి జంకే వాళ్లకు ధైర్యం చెప్పాడు. ఆ రోజు మా అందరికన్నా ఎక్కువ పని చేసింది వాడే.

శిబిరం మర్రిగూడ మండలంలో పడింది. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటితే ఎముకలకు, పళ్లకు ముప్పని పుస్తకంలో ఒక్క వాక్యంగా చదివాం. అక్కడ ఒక తాతను పిలిస్తే మెడ తిప్పలేక మనిషి మొత్తంగా మా వైపు తిరిగాడు. మా సర్వే కాగితంలో వయసు, నీళ్లు ఎక్కడివి, నొప్పి ఎక్కడ అని గడులున్నాయి. ఆయన ఆ గడుల్లో ఇమడలేదు. పదేళ్లుగా కట్టె లేకుండా లేవలేనని, చిన్న బిడ్డ పెండ్లిలో కూడా మంచం మీదనే ఉన్నానని గంటసేపు చెప్పాడు. “భగీరథ నల్లా అయితే వచ్చింది గానీ, నా మెడ తిరిగి రాలె” అన్నాడు. మేము పెన్ను పక్కన పెట్టి విన్నాం. తిరిగొచ్చాక వారం దాకా గదిలో ఆయన మాటే.

ముగ్గురిలో ఒకడికి సీటొచ్చింది. ఆ 43 కిలోల వాడికే. మేమిద్దరం రెండుసార్లు రాసి పీజీకి వచ్చాం, మేము జువాలజీ, ఇంకొకడు కెమిస్ట్రీ. వాడి ప్రాజెక్టు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ కొలవడం. సీటు రానందుకు శిబిరాన్ని తప్పు పట్టేవాళ్లు మా ఊళ్లో ఇప్పటికీ ఉన్నారు. మేము ఒప్పుకోం.

చేరేవాళ్లు మొదటి ఏడాదే చేరండి. రెండేళ్లలో 240 గంటలు పూర్తయితే చివరి ఏడాది మొత్తం చదువుకు మిగులుతుంది. మా పాత టైంటేబుల్, ఖాళీ సర్వే కాగితాలు గదిలోనే ఉన్నాయి. వచ్చి తీసుకెళ్లండి, జిరాక్స్ తీసుకుని మళ్లీ ఇచ్చేయండి.