వడపళనిలో వెలుగు పెట్టె

చెన్నపట్నంలో వడపళని మెట్రో స్టేషను మెట్లు దిగుతూ మా పెదనాన్నగారు, "వాహినీ స్టూడియో ఇక్కడే కదురా?" అన్నారు.

"ఇక్కడేనండీ. ఇప్పుడా చోట ఆసుపత్రీ, మాలూ ఉన్నాయి" అన్నాను.

ఆయన మాట్లాడకుండా చేతిసంచీ మరో చేతికి మార్చుకున్నారు.

తెలుగు సినిమా ఈ వీధులు విడిచి హైదరాబాదు చేరి ఏళ్ళు గడిచినా, పాటను పట్టే గదులు ఈ సందుల్లో ఇంకా ఉన్నాయి. మేము వచ్చింది అలాంటి గదికే. విజయనగరం ప్రాంతాన హరికథలు చెప్పి చెప్పి పెదనాన్నగారికి ఎనభై నిండాయి. గొంతు పూర్తిగా జారిపోకముందే ఒక్క కథైనా దాచుకోవాలని నా పట్టు. కూతురింటికి వచ్చిన ఆయన్ని బతిమాలి బయలుదేరదీశాను.

స్టూడియో అంటే గోడంత యంత్రం ఊహించుకున్నాను. తీరా చూస్తే ఒక కంప్యూటరు, రెండు స్పీకర్లు, పక్క అరలో ఒక బూడిదరంగు పెట్టె! దాని ముఖాన రెండు పెద్ద నాబులు, మధ్య ఒక ముల్లు. పేరు ఎల్‌ఏ-2ఏ. 1960లలో అమెరికాలో జిమ్ లారెన్స్ అనే ఇంజనీరు రూపొందించిన పద్ధతి. ఆ తీరువి నేటికీ తయారవుతున్నాయి.

పొద్దున నలభై నిమిషాలు ద్రౌపదీ మానసంరక్షణం చెప్పారు. సభలో ఆమె మొర గుసగుసగా, భీముని ప్రతిజ్ఞ ఉరుములా. చివరికి ఆయాసంతో కూలబడి, "ఇంక నావల్ల కాదు నాయనా" అన్నారు. ఉన్నది ఆ ఒక్క రికార్డింగే.

మధ్యాహ్నం సౌండు ఇంజనీరు పెట్టెను తగిలించాడు. తెలుగు కుర్రవాడే. సెకనుకు 48,000 అంకెలుగా కంప్యూటరులో దాగిన గొంతు మళ్ళీ విద్యుత్తుగా మారి తీగ వెంట పెట్టెలోకి పోతుంది. ఇంకో తీగ వెంట తిరిగొచ్చి అంకెలవుతుంది. ఈ రాకపోకల్లో రవంత ఆలస్యం తప్పదు. ముందుగా ఒక 'టిక్కు' పంపి, అది ఎంతసేపటికి తిరిగొచ్చిందో కొలిచి, కంప్యూటరు ఆ మేరకు సర్దుకుంటుంది. లేకుంటే మృదంగం ఒక దారి, గొంతు ఒక దారి!

పెట్టెలోని కిటుకు ముచ్చటైనది. గొంతు హెచ్చినకొద్దీ లోపల చిన్న పలక వెలుగుతుంది. ఆ వెలుగును కనిపెట్టే భాగం ఒకటి ఎదురుగా ఉండి గొంతును అణుస్తుంది. ఎండలోంచి చీకటి గదిలోకి వచ్చిన కన్నులా అది సగం చటుక్కున, తక్కిన సగం నింపాదిగా తేరుకుంటుంది. అందుకే ఆ అణచడం చెవికి ఎబ్బెట్టుగా ఉండదు.

పెట్టె లేకుండా, పెట్టెతో రెండూ వినిపించాడు. "పెట్టెదే బాగుంది" అన్నాను. కుర్రవాడు నవ్వి, "అది కాస్త గట్టిగా ఉంది సార్, అందుకే" అని రెండింటినీ సమం చేశాడు. అదే పెట్టెకు కంప్యూటరులో ఉన్న నకలును కూడా కలిపాడు. ఈసారి నకలేదో, అసలేదో తేల్చుకోలేక తెల్లమొహం వేశాను.

"మరి ఈ పెట్టె దేనికయ్యా?"

"మౌసుతో చేస్తే రేపు మార్చుకోవచ్చులే అనుకుంటాను సార్. దీనితో ఇవాళే తేల్చాలి. రేపు ఇంకొకరి పనికి నాబులు తిప్పేస్తాం."

ఫోనులో వినేవారికి సుఖంగా ఉంటుందని, కాస్త ఎక్కువ అణచమన్నాను నేను. రెండు నిమిషాలు విన్నారో లేదో, పెదనాన్నగారు చెయ్యెత్తారు.

"ద్రౌపది మొరనీ భీముడి కేకనీ ఒకే పీట మీద కూర్చోబెట్టావేమిరా?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన కథను కాపాడాలని వచ్చి, అందులోని ప్రాణాన్ని తీయబోయింది నేనే! కుర్రవాడు నాబు వెనక్కి తిప్పాడు. మొర మొరగానే మిగిలింది. ఉరుము మాత్రం చెవిని పొడవడం మానింది. పెదనాన్నగారు తల ఊపాక, నాబులున్న తీరును ఫోనులో ఫోటో తీసుకున్నాడు. పెట్టె తగలని రికార్డింగును విడిగా దాచాడు.

నకలుతో అయితే నిమిషాల్లో తెమిలే పని. పెట్టె గుండా నలభై నిమిషాల కథకు నలభై నిమిషాలూ పట్టింది. మేం ముగ్గురమూ కదలకుండా విన్నాం. పెదనాన్నగారి వేళ్ళు మోకాలిమీద చిరతలు వాయిస్తున్నాయి. మంగళం ముగిసింది. ముల్లు మెల్లగా సున్నా దగ్గరికి చేరి ఆగింది.

"ఇన్నేళ్ళూ చెప్పాను గాని, నా కథ నేను కూర్చుని ఆసాంతం వినడం ఇదే మొదలురా" అన్నారాయన.